బండల చదును, లాటిన్ సమానం, మధ్యలో దూరిన గుర్రం

ప్రశ్న: టీచర్ గారూ, మాది ప్రొద్దుటూరు. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. నాన్న ఇళ్లకు బండలు పరిచే మేస్త్రీ. బ్యాంకు పరీక్షల కోసం నంద్యాలలో ఆరు నెలలు కోచింగ్ తీసుకుని, ఇప్పుడు ఇంట్లోనే చదువుకుంటున్నాను. లెక్కలు, రీజనింగ్ పర్వాలేదు. ఇంగ్లిష్ వొకాబ్యులరీ దగ్గరే ఆగిపోతున్నాను. మాటలను విడివిడిగా బట్టీ పట్టొద్దు, మూలం పట్టుకోండి అని అక్కడి సార్ చెప్పారు. ‘ఈక్వి’ అని ఉంటే ‘సమానం’ అన్నారు. మాక్ టెస్టులో ‘ఈక్వెస్ట్రియన్’ వస్తే ‘సమాన హక్కులు కోరేవాడు’ అని పెట్టాను, తప్పు. ‘ఈక్వివోకల్’ వస్తే ‘ఏకగ్రీవమైన’ అని పెట్టాను, అదీ తప్పే. ‘ఇనిక్విటీ’కి ఏమీ తోచలేదు. ఈ పద్ధతిని నమ్మొచ్చా? లేక మూడు వందల మాటల లిస్టు బట్టీ పట్టాలా? ఇంటర్వ్యూ దాకా వెళ్తే వీటిని ఎలా పలకాలో కూడా చెప్పండి. టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు

సమాధానం:

తల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పద్ధతి మంచిదే. కాకపోతే నీకు మూలంలో సగమే చెప్పారు. మిగతా సగం మీ ఇంట్లోనే ఉంది, మీ నాన్న పనిముట్ల సంచిలో.

కడపలో మా ఇల్లు కట్టినప్పుడు నాపరాళ్లు పరిచిన మేస్త్రీ పని మొదలుపెట్టే ముందు ఏం చేశాడో నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. పొడవాటి తెల్ల ప్లాస్టిక్ ట్యూబు నిండా నీళ్లు పోశాడు. లోపల గాలి బుడగలు లేకుండా వేలితో తట్టి తట్టి పైకి తెచ్చాడు. ఒక కొస కుర్రవాడికిచ్చి వాకిలి పక్క గోడ దగ్గర నిలబెట్టాడు, రెండో కొస తాను పట్టుకుని వంటింటి మూలకు వెళ్లాడు. నీళ్లు కాసేపు పైకీ కిందికీ ఊగి ఆగాయి. ఆగిన చోట ఇద్దరూ పెన్సిల్‌తో గీత పెట్టారు. మధ్యలో రెండు గోడలున్నా, కింద నేల ఎగుడుదిగుడుగా ఉన్నా, ఆ రెండు గీతలదీ ఒకే మట్టం. తర్వాత దారం కట్టి దాని ప్రకారం బండలు పరుచుకుంటూ వచ్చాడు. మీ నాన్న ఈ పని ఎన్ని వందల ఇళ్లలో చేసి ఉంటారో నీకే తెలుసు.

మీ సార్ చెప్పిన ‘ఈక్వి’ వచ్చింది పాత రోమన్ల భాష లాటిన్‌లోని ‘ఐక్వుస్’ అనే మాట నుంచి. ‘ఐక్వుస్’ అంటే మొదట ఇదే. చదునుగా ఉన్నది, ఎత్తుపల్లాలు లేనిది. చదునైన నేలకూ ఆ మాటే, ఇద్దరికి ఒకే కొలతగా వచ్చిన వాటాలకూ ఆ మాటే, ఎటూ మొగ్గని న్యాయమైన తీర్పుకూ ఆ మాటే. చదును, సమానం, న్యాయం అని మూడు మెట్లు. మీ సార్ నీకు మధ్య మెట్టు ఒక్కటే చూపించారు. అందుకే ‘ఇనిక్విటీ’ దగ్గర నీకు దారి దొరకలేదు.

ఆ మాటనే ముందు చూద్దాం. ముందున్న ‘ఇన్’ అంటే ‘కానిది’. తర్వాత ఐక్వుస్. ‘చదును కానిది, న్యాయం కానిది’ అని అర్థం. లాటిన్‌లో మధ్య అచ్చు కాస్త మారి ‘ఇనీక్వుస్’ అయింది, దానినుంచే ఇంగ్లిష్‌కు ‘ఇనిక్విటీ’ వచ్చింది. ఘోరమైన అన్యాయం, పాపం అని దాని అర్థం. ఇప్పుడు మన మాట ఒకటి చూడు: విషమం. ఆసుపత్రిలో మనవాళ్లెవరికైనా బాగాలేకపోతే ‘పరిస్థితి విషమంగా ఉంది’ అంటాం. అందులో విషం ఉందని చాలామంది అనుకుంటారు. లేదు. అది ‘వి’, ‘సమం’ కలిసిన మాట. సమం కానిది, ఎగుడుదిగుడైనది. గతుకుల నేల నుంచి గడ్డు కాలానికి మన మాట నడిచింది. గతుకుల నేల నుంచి అన్యాయానికి వాళ్ల మాట నడిచింది. బయల్దేరిన చోటు ఒకటే. ఈ రెండింటినీ నోట్‌బుక్కులో పక్కపక్కన రాసుకో, ‘ఇనిక్విటీ’ ఇక నిన్ను వదలదు.

ఆ న్యాయం మెట్టు మీదే ‘ఈక్విటీ’ కూడా ఉంది. నువ్వు వెళ్లబోయేది బ్యాంకు ఉద్యోగానికి కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుతాను. న్యాయం అనే మాట షేర్ మార్కెట్టుకు ఎలా చేరిందని అడిగితే చెప్పగలగాలి. పూర్వం ఇంగ్లండ్‌లో భూమి తాకట్టు పెట్టినవాడు గడువు రోజుకు బాకీ తీర్చకపోతే, చట్టం ప్రకారం భూమి మొత్తం అప్పిచ్చినవాడిదే అయిపోయేది. బాకీ కొంచెమే మిగిలినా అంతే. ఇది అన్యాయమని కొందరు ఛాన్సరీ కోర్టుకు వెళ్లేవారు. ఆ కోర్టు చట్టంలోని అక్షరం కన్నా ధర్మం చూసేది. ఆ ధర్మానికి పేరు ఈక్విటీ. గడువు దాటినా సరే, బాకీ కట్టి భూమి విడిపించుకునే హక్కు ఉందని ఆ కోర్టు చెప్పింది. అలా, అప్పు పోను సొంతదారుకు మిగిలే విలువకే ఈక్విటీ అనే పేరు స్థిరపడింది. మీ ఊళ్లో బంగారం అంగళ్లు వీధికి ఎన్నో కదా, ఆ లెక్కలోనే చెప్తాను. లక్ష రూపాయల నగ మీద 70 వేలు అప్పు తెచ్చుకుంటే, మిగిలిన 30 వేల విలువ నీది. అది నీ ఈక్విటీ. కంపెనీకున్న అప్పులన్నీ పోను మిగిలిన దాంట్లో వాటా ఉన్న షేరు ఈక్విటీ షేరు.

ఇక నీ రెండో తప్పు, ‘ఈక్వివోకల్’. నువ్వు అనుకున్నది తెలివితక్కువగా ఏమీ లేదు. ‘వోక్’ అంటే గొంతు, పిలుపు అని సరిగ్గానే పట్టావు. అయితే ఇక్కడ ఒకే మాటలోంచి రెండు అర్థాలు సమానమైన గొంతుతో పలుకుతున్నాయి. ఏది నిజమో తేలదు. ఎవరినైనా చేబదులు అడిగితే ‘చూద్దాంలే’ అంటారు చూడు. ఇస్తారా? ఇవ్వరా? రెంటికీ సమానమైన గొంతు. అదే ఈక్వివోకల్ జవాబు. ముందు ‘అన్’ చేరిస్తే ‘అనీక్వివోకల్’, అంటే రెండో అర్థానికి తావులేని, తెగేసి చెప్పిన మాట. పరీక్షల్లో సినానిమ్స్, యాంటనిమ్స్ కింద ఈ జంటను ఎక్కువగా అడుగుతారు. నువ్వు అనుకున్న ‘ఏకగ్రీవం’ మాత్రం ‘యునానిమస్’. అందులో ‘యూన్’ ఒకటి, ‘ఆనిమ్’ మనసు. అందరిదీ ఒకే మనసు. ఆ మనసునే తెచ్చి ఐక్వుస్ పక్కన పెడితే ‘ఈక్వానిమిటీ’ వస్తుంది. మంచి వార్తకు పొంగకుండా, చెడ్డ వార్తకు కుంగకుండా ట్యూబులో నీళ్లలా ఒకే మట్టాన నిలిచిన మనసు. నీ తప్పు జవాబులోంచే ఇంకో మాట వచ్చింది చూశావా?

గుర్రం సంగతికి వస్తాను. నిన్ను బోల్తా కొట్టించింది అదే. లాటిన్‌లో గుర్రాన్ని ‘ఎక్వుస్’ అంటారు. ‘ఐక్వుస్’ వేరు, ‘ఎక్వుస్’ వేరు. మొదటిదాని స్పెల్లింగులో మొదట ‘ఏ’ అనే అక్షరం ఉంటుంది, రెండోదానిలో ఉండదు. లాటిన్ పలికేవాళ్లకు ఈ గందరగోళమే లేదు. ఇంగ్లిష్‌కు వచ్చేసరికి ఆ ‘ఏ’ రాలిపోయి, రెండూ ‘ఇ, క్యూ, యు’ అక్షరాలతోనే మొదలయ్యాయి. గుర్రపుస్వారీకి సంబంధించిన ‘ఈక్వెస్ట్రియన్’, గుర్రం జాతికి సంబంధించిన ‘ఈక్వైన్’, ఈ రెండూ గుర్రం పిల్లలు. పరీక్షల్లో తరచూ కనిపించేవి ఈ రెండే, కాబట్టి భయపడాల్సిన పని లేదు. ‘ఎక్విప్’, ‘ఎక్విప్‌మెంట్’ అయితే సమానానికీ గుర్రానికీ రెంటికీ చెందవు. అవి ఓడను ప్రయాణానికి సిద్ధం చేసే ఉత్తర ఐరోపా నావికుల మాట నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చాయి.

ఇలాంటి పోలికల మోసం మన భాషలోనూ ఉంది. ‘సరి’ అంటే సమానం కదా అని ‘సరిహద్దు’ను కూడా ఆ కుటుంబంలో కలిపేస్తాం. రెండు ఊళ్లకూ సరిగ్గా మధ్య గీత అని అర్థం కూడా చెప్పేస్తాం. అది నిజానికి పారసీ ‘సర్హద్’. మన నోట్లో పడి ‘సరి’ వేషం వేసుకుంది.

కాబట్టి కొత్త మాట కనిపిస్తే ఒక్క ప్రశ్న వేసుకో: ఇందులో దేన్ని దేనితో సమం చేశారు? జవాబు దొరికితే ఐక్వుస్ పిల్ల. దొరక్కపోతే అనుమానించు. ‘ఈక్విలేటరల్’లో భుజాలు సమం. ‘ఈక్విడిస్టెంట్’లో దూరాలు సమం. ‘ఈక్వివలెంట్’లో విలువలు సమం. నువ్వు నింపే నోటిఫికేషన్లలో డిగ్రీ లేదా దానికి ఈక్వివలెంట్ అర్హత అని ఉంటుంది కదా, అదే. ‘ఈక్విలిబ్రియం’లో త్రాసు తట్టలు సమం. అందులోని ‘లిబ్ర’ అంటే త్రాసు, పేపర్లో రాశిఫలాల పక్కన తులారాశికి ‘లిబ్రా’ అని రాసేది దాన్నే. మరి ‘ఈక్వెస్ట్రియన్’లో దేన్ని దేనితో సమం చేశారు? ఏమీ లేదు. అక్కడ నీ పెన్ను ఆగాలి.

‘ఈక్వేటర్’ దగ్గర మాత్రం ప్రశ్న కొంచెం లోతుగా వేసుకోవాలి. భూమిని రెండు సమాన భాగాలు చేసే గీత కాబట్టి ఆ పేరు వచ్చిందని బళ్లో అనుకుంటాం. అసలు పేరు మధ్యకాలపు లాటిన్‌లో ‘పగలునూ రాత్రినీ సమం చేసేది’. సూర్యుడు ఆ గీత మీదికి వచ్చిన రోజున లోకమంతా పగలూ రాత్రీ దాదాపు సమానం. ఆ రోజే ‘ఈక్వినాక్స్’. ‘నాక్స్’ అంటే రాత్రి. మార్చి 20 ప్రాంతంలో ఒకటి, సెప్టెంబర్ 22 లేదా 23న మరొకటి. మన పంచాంగంలో విషువత్తు అంటారు. దాదాపు అని ఎందుకన్నానంటే, సూర్యబింబం పై అంచు కనిపించగానే పగలు మొదలైనట్టు లెక్క. గాలి పొరలు వెలుగును వంచి సూర్యుణ్ణి కాస్త ముందే చూపిస్తాయి. అందువల్ల ఆ రోజున పగలే కొన్ని నిమిషాలు ఎక్కువ ఉంటుంది. ఈక్వేటర్‌కు స్పానిష్ పేరు ఈక్వెడార్. ఆ గీత పోయే దేశానికి అదే పేరు పెట్టుకున్నారు.

మనం ఆ గీతకు ఉత్తరాన 14, 15 డిగ్రీల దగ్గర ఉన్నాం. కాబట్టి మార్చిలో గీత మీదున్న సూర్యుడు ఏప్రిల్ నెలాఖరుకు సరిగ్గా మన నెత్తి మీదికి వస్తాడు. ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం మిద్దె మీద ఒక కడ్డీని నిట్టనిలువుగా నిలబెట్టి చూడు, నీడ దాని కిందే దాక్కుంటుంది. మళ్లీ ఆగస్టు రెండో వారం చివర్లో అలాగే జరుగుతుంది, మబ్బు లేకపోతే చూడొచ్చు.

‘ఈక్వేషన్’ నీకు తెలిసిందే, సమీకరణం. అందులోని రెండు గీతల గుర్తు కథ మాత్రం చెప్పాలనిపిస్తోంది. 1557లో రాబర్ట్ రికార్డ్ అనే వేల్స్ దేశపు గణిత పండితుడు, వైద్యుడు కూడా, ‘దీనికి సమానం’ అనే మాటలను పదేపదే రాయలేక వాటి బదులు ఒకే పొడవున్న రెండు సమాంతర గీతలు పెట్టాడు. ఆ రెండు గీతల కన్నా ఎక్కువ సమానమైనవి ఇంకేముంటాయని కారణం చెప్పుకున్నాడు. ఆయన గీతలు ఇప్పటివాటికన్నా చాలా పొడవు. నాకైతే వాటిని తలచుకుంటే వాకిట్లో పక్కపక్కన కట్టిన రెండు దారాలు గుర్తొస్తాయి.

తెలుగు మీడియం అని ఉత్తరంలో రాశావు, అది నీకు అడ్డమన్నట్టు. ఈ పనిలో అది నీకు సాయం. ‘అడెక్వేట్’ తీసుకో. ‘ఆడ్’ అంటే దాని దాకా, తర్వాత ఐక్వుస్. అవసరం ఎంత ఎత్తు ఉందో అంత ఎత్తుకు తెచ్చినది. దీన్ని ఇంగ్లిష్ డిక్షనరీలో ‘సఫిషియెంట్’ అని చదివితే ఒక బట్టీ మాట ఇంకో బట్టీ మాటకు తగులుకుంటుంది. అదే తెలుగులో చూడు: సరిపడా. అమ్మ ‘బియ్యం సరిపోయాయి’ అన్నప్పుడు, తినేవాళ్ల ఆకలితో బియ్యం సమం అయ్యాయనే అంటోంది. ‘సరి’లో సమానం ఉంది, ‘సరైనది’లో న్యాయం ఉంది, ‘సరిచేయడం’లో చదును ఉంది. ఐక్వుస్ ఎక్కిన మూడు మెట్లనూ మన ‘సరి’ తనంతట తానే ఎక్కింది. ఈ రెండూ చుట్టాలు కావు. సంస్కృతం నుంచి మనకొచ్చిన ‘సమ’కు మాత్రం ఇంగ్లిష్‌లో నిజమైన చుట్టం ఉంది. అది ‘ఈక్వల్’ కాదు, మనం రోజూ వాడే ‘సేమ్’! రెండూ ఒకే పాత మూలం నుంచి పుట్టాయి. ‘సిమిలర్’ కూడా ఆ ఇంటిదే.

కడపకు వచ్చినప్పుడు బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్లు. 1820లో ఈ ఊరికి ఉద్యోగానికి వచ్చి, తెలుగు నేర్చుకుని, 1852లో తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు అచ్చువేయించిన సీపీ బ్రౌన్ బంగళా ఉన్న చోటే అది. ఆయన నిఘంటువు తీసి ‘సరి’, ‘సమము’, ‘సాటి’ ఉన్న పేజీలు ఒక గంట కూర్చుని చదువు. ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి కాకుండా, నీకు తెలిసిన తెలుగు నుంచి ఇంగ్లిష్‌లోకి వెళ్లడం ఎంత తేలికో అప్పుడు తెలుస్తుంది.

లాటిన్‌లో సమానానికి ఇంకో మాట ఉంది, ‘పార్’. దాని జోలికి ఇప్పుడు పోవద్దు, ఐక్వుస్ కుదురుకున్నాక చూసుకో. పెయిర్, కంపేర్, డిస్పారిటీ అన్నీ అందులోవి. ఒక్కటి మాత్రం చెప్పకుండా ఉండలేను. క్రికెట్ ‘అంపైర్’ కూడా ‘పార్’ పిల్లే. పాత ఫ్రెంచిలో ‘జత లేనివాడు’ అని ఆ మాటకు అర్థం. రెండు పక్షాలు సరి, మూడో మనిషి బేసి. ఎటూ చేరని ఆ బేసి మనిషే తీర్పు చెప్పాలి.

ఆ మూడు వందల మాటల లిస్టును పారేయకు, దాన్ని విడగొట్టు. రోజుకు ఒక కుటుంబం చాలు. పేజీ మధ్యలో ట్యూబు బొమ్మ గీసి చుట్టూ మాటలు రాయి. ప్రతి మాటకూ మీ ఇంట్లోనో వీధిలోనో జరిగే విషయంతో ఒక వాక్యం రాయి. గుర్రాన్ని పేజీ చివర వేరే గడిలో కట్టెయ్యి. మూడో రోజు పుస్తకం మూసి, మాటలు కాకుండా వాక్యాలు గుర్తు తెచ్చుకుని చూడు. ‘ఈక్వల్’కు ఒక వాక్యం నేనే ఇస్తాను. మన రాజ్యాంగం 39వ అధికరణలో ఆడవాళ్లకూ మగవాళ్లకూ సమాన పనికి సమాన వేతనం ఉండాలని ఉంది. మీ నాన్న పని చేసే చోట ఇసుక మోసే ఆడకూలీకీ మగకూలీకీ ఎంతెంత ఇస్తారో అడిగి, ఆ అంకెలతో ఇంగ్లిష్‌లో రెండు వాక్యాలు రాయి. వాటిలో ‘ఈక్వల్’ వస్తుందో ‘అనీక్వల్’ వస్తుందో నువ్వే చూస్తావు.

ఇక పలకడం. మొదటి అక్షరం అన్నిచోట్లా ‘ఈ’ కాదు. ‘ఈక్వల్’లో దీర్ఘం. ‘ఇక్వేటర్’, ‘ఇక్వివలెంట్’, ‘ఇక్వివకల్’ మాటల్లో పొట్టి ‘ఇ’, గట్టిగా పలకాల్సింది రెండో అక్షరం. ‘ఎక్విటీ’లో ‘ఎ’. ‘ఎక్వినాక్స్’ను ‘ఈ’తో పలికినా తప్పు లేదు. ‘ఎక్వనిమిటీ’లో బరువు ‘నిమ్’ మీద పడుతుంది. ‘అడెక్వేట్’ అని మనం రాసేది నోట్లో ‘యాడిక్విట్’ అవుతుంది. ‘ఈక్వేషన్’ చివర స్టేషన్‌లో ఉన్న ‘ష’ కాదు, టెలివిజన్ చివర ఉండే ధ్వని. టెలివిజన్, ఈక్వేషన్ అని రెండూ వెంటవెంటనే పదిసార్లు పైకి అను, నోరు తిరుగుతుంది.